రాక్షసబల్లికి బొట్టు

మామూలుగా ఇంటి సంగతులు నేను బయట చెప్పను. ఈ రోజు చెప్పక తప్పడం లేదు.

నగరంలో పాత పుస్తకాల బండి మీద దొరికిన ఇంగ్లీషు పత్రికలోంచి బ్రాంటోసారస్ బొమ్మ కత్తిరించి గోడకు అంటించుకున్నాను. కొండంత ఒళ్ళు, తాటిచెట్టంత మెడ, ఆ మెడ చివర చింతగింజంత తల. ఆకులూ అలములూ తప్ప ఏమీ తినని ఆ రాక్షసబల్లి అంటే నాకు ప్రాణం. అలాంటి జంతువు ఒకప్పుడు ఉండేదంటే మా పల్లె మాదాపూర్ బడిపంతులుగారు నమ్మలేదు. రేపు వచ్చి బొమ్మ చూస్తానన్నారు.

ఈ రోజు పొలాల అమావాస్య, మా దగ్గర ఎడ్లకు పూజ చేసే పండుగ. నేను ఎడ్లను కడిగి తోలుకొచ్చేసరికి, వాటి కోసం తీసిన కుంకుమతో మా ఆవిడ బొమ్మకు కూడా ఇంత బొట్టు పెట్టేసింది. తల మొత్తం బొట్టు కిందకు పోయింది.

“ఏందే ఇది? అదేమన్న దేవుడా?” అన్నాను.

“దేవుడని నేనన్ననా? గడ్డి మేస్తది, ఎవ్వల జోలికి పోదని దినాం నువ్వే చెప్తివి. ఎడ్లకు పెట్టి దానికి పెట్టకుంటే మనసెట్ల ఒప్పుతది?”

“మరి తలకాయ ఏదే?”

“తలకాయకే గద పెట్టిన! జర పెద్దగుంటే బొట్టు మంచిగ నిలుస్తుండె.”

తడిగుడ్డతో తుడిస్తే కుంకుమ మెడ దాకా పాకింది. ఇన్ని యుగాల తరువాత ఆ సాధుజంతువు మా ఇంట్లో గొంతు కోసినట్టు నిలబడి ఉంది.

పంతులుగారు తల ఏదని అడిగితే, బొట్టున్న చోటే అని చెప్పమంటోంది మా ఆవిడ. ఇంతకంటే మంచి జవాబు తోస్తే, ఆయన వచ్చేలోపు చెప్పి పుణ్యం కట్టుకోండి.