చెవిటి కుక్కను కొట్టినాను

ఈ దినం పొద్దుగూకే ముందు మా తోటలో జరిగింది ఇది.

సత్రపట్టి నుంచి తెచ్చిన కుక్క మాది. ఒక్క మచ్చ లేని తెలుపు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. కానీ పిలిస్తే రాదు. పొగరనుకొని ఆరు నెలలుగా చింతబరికెతో కొడుతూనే ఉన్నాను. రేపు ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాను.

సాయంత్రం అది గడ్డివామి పక్కన పడుకొని ఉంది. వామి సందులోనుంచి నాగుపాము వచ్చి, దాని వెనక మూరెడు దూరంలో పడగెత్తింది. నేను గొంతు చించుకొని అరిచినాను. కుక్క కదల్లేదు. దగ్గరికి పోయేదానికి ధైర్యం చాలలేదు, ఒప్పుకుంటాను. అప్పుడు మా కోడలు వాకిట్లో ఆనించిన రోకలి తీసుకొని నేలమీద ధన్ ధన్ అని దంచింది. కుక్క లేచి ఒక్క దూకున ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చింది. పాము వామి కిందికి పోయింది.

"ఏమమ్మా, నేను అంత అరిస్తే కదలంది, రోకలికి వచ్చిందే?"

"దానికి చెవులు వినపడవు మామా. నేల అదిరితేనే తెలుస్తుంది. నేను దినమూ కూటికి పిలిచేది అట్లే."

"ముందే చెప్పేదానికేం?"

"మన రాజుల ఇంటి కుక్కకు చెవుడా అని నన్ను తిట్టి ఉండరా?"

తిట్టే ఉంటాను.

బరికె విరిచి పొయ్యిలో పెట్టినాను. కుక్క ముందు కూర్చొని అరచేత్తో నేలను తట్టినాను. వచ్చింది. కానీ నా చెయ్యి చూసి ముడుచుకొని పడుకుంది. ఈ భయం పోవాలంటే ఎన్ని దినాలు పడుతుందో, కుక్కల్ని పెంచినవాళ్ళు చెప్పండి.