రాకాసి కోటలో నా మీద పడ్డ శాపం

రాకాసి కోట ఆట కనిపెట్టింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా చాళ్‌లో ఆ రోజులు గుర్తున్న ఎవరినడిగినా ఇంకో పిల్ల పేరు చెప్తారు. ఆ పిల్ల మా ఎదురింట్లో అద్దెకు దిగేనాటికే ఆ ఆట మా అరుగు మీద చాలాకాలంగా నడుస్తోంది. అరుగు మాది, సుద్దముక్క నాది, ఆలోచన నాది. ఇక మిగతాది వినండి.

షోలాపూర్‌లో జోడ్‌భావి పేట్ దగ్గర నేతవాళ్ళ చాళ్ మాది. ఒకదాని గోడకి ఒకటి ఆనుకుని వరసగా గదులు, వెనకాల సాంచెల షెడ్డు. కరెంటు మగ్గాల్ని మేం సాంచెలంటాం. అవి నడుస్తున్నంతసేపూ పక్కన కూర్చున్న మనిషితో కూడా అరిచే మాట్లాడాలి, అందుకే మావాళ్ళందరికీ గొంతు పెద్దది. నాన్న సాంచెల మీద చద్దర్లు నేసేవాడు. అమ్మా అవ్వా ఇంట్లో బీడీలు చేసేవాళ్ళు. వారానికో రోజు సాంచెలు బందు. ఆ మధ్యాహ్నం చాళ్ అంతా చెవుల్లో దూది పెట్టుకున్నట్టుండేది. మా ఆట అప్పుడే.

మామూలు అష్టాచెమ్మకి నేను కథ తొడిగాను, అంతే. అరుగు మీది శాబాదు బండల మీద సుద్దతో గళ్ళు గీసేదాన్ని. నడిమి గడి రాకాసి కోట, అందులో నిధి. చుట్టూ దారి, అక్కడక్కడా అడవి. పావులకి షెడ్డులో పారేసిన విరిగిన కండెలు, అదే, మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే నూలు చుట్టుకునే పుల్లలు. ఒకడు రాజు, ఒకడు దొంగ, ఒకరు రాణి, ఒకరు సన్యాసి. ఒకవైపు అరగదీసిన చింతగింజలతో పందెం వేస్తూ కోటకి పోవాలి. దారిలో ఇంటూ గుర్తున్న గడిలో ఆగితే అడవిలో పడ్డట్టే, రాకాసి శాపం పెడుతుంది. రాకాసి పావు కాదు, మనిషి. బీడీలకి తునికాకు వచ్చిన గోనెసంచి మడిచి దానిమీద కూర్చుని ఆట నడిపించే మనిషి. ఆ గోనె మీద కూర్చునేదాన్ని నేను. బళ్ళో నేను వెనకబెంచీ, ఇంట్లో రెండో ఆడపిల్లని, నల్లా దగ్గర నా బిందె ఎప్పుడూ చివర. ఆ గోనె మీద మాత్రం నా మాటే మాట.

నా శాపాలు నల్లా దగ్గర నేర్చుకున్నవే. నీళ్ళ కోసం ఆడవాళ్ళు కొట్టుకునేటప్పుడు ఒకరినొకరు ఏం శపించుకునేవాళ్ళో అవన్నీ తెచ్చి ఆటలో పెట్టాను. నోరు పడిపోను అంటే ఇక ఆట అయ్యేదాకా మాట్లాడకూడదు. కాళ్ళు విరగ అంటే అక్కడే పడుండాలి. అన్నిట్లోకీ నాకిష్టమైంది, రాయివైపో. నేను చాలనేదాకా కదలకూడదు. పైగా నేనే ఒక నియమం పెట్టాను. శాపం పెట్టిన రాకాసే దాన్ని తీయాలి, ఇంకెవరు తీసినా చెల్లదు. అందరూ నా కాళ్ళావేళ్ళా పడాలని పెట్టిన నియమం అది. పడ్డారు కూడా, మొదట్లో. తర్వాత మా తమ్ముడు రాయి అవగానే నీళ్ళు తాగొస్తానని లేచిపోయి సందులో గోలీలాడుతూ దొరికేవాడు. చెవి పట్టుకుని లాక్కొచ్చి మళ్ళీ రాయిని చేసేదాన్ని.

అలాంటప్పుడు దిగింది ఆ పిల్ల. సిరిసిల్ల దిక్కునుంచి వచ్చారు వాళ్ళు. నా ఈడుదే, పుల్లలాగుండేది, మరాఠీ ఒక్క ముక్క రాదు. పాపం కదా అని నేనే ఆటకి పిలిచాను. ఆ పాపం నాకే తగిలింది. సన్యాసి కండె ఇచ్చాను. రెండో పందెంలోనే అడవిలో పడింది. రాయివైపో అన్నాను.

వేరేవాళ్ళైతే మొహం ముడుచుకునేవాళ్ళు. అది కాళ్ళు ముడుచుకుని, కళ్ళు మూసుకుని, రాయిలాగే కూర్చుని, పెదాలు కదిలీ కదలకుండా అంది, "ఈ రాయికి చక్కిలిగిలి పెడ్తె నగుతది. నగితె నిధి ఏడున్నదో చెప్తది."

అంతే. రాజు, రాణి, దొంగ అందరూ కండెలు వదిలేసి రాయి మీద పడ్డారు. నేను గోనె మీద ఒక్కదాన్నే మిగిలాను. నాకు కష్టకాలం మొదలైందని అప్పుడే తెలిసింది.

తర్వాతి వారం ఒక్కసారి దాన్ని రాకాసిని చేద్దామన్నారు. ఒక్కసారే కదా అని గోనె మీంచి లేచాను. దొంగ కండె నడిపే మా తమ్ముడు అడవిలో పడ్డాడు. ఆ పిల్ల చాలాసేపు వాణ్ణి చూసి, వాడికి తగిన బట్ట కొలిచినట్టు కొలిచి, చెప్పింది.

"నువ్వు కోడిపెట్టవైనవ్. గని దొంగతనం మాన్లే. ఏ గడిల ఆగినా ఆడ గుడ్డు వెట్టాలె. నీ గుడ్డు మీద ఎవరు కాలు వెట్టినా కొక్కొక్కో అనుకుంట వాళ్ళెంబడి వడాలె. ఎవరన్న జాలివడి ఆ గుడ్డు పొదిగితె శాపం పోతది."

మా తమ్ముడు ఆ రోజు నీళ్ళకి లేవలేదు. అన్నానికి పిలిచినా లేవలేదు. అరుగంతా చింతగింజల గుడ్లు పెట్టి, రెక్కలు కొట్టుకుంటూ అందరినీ తరిమాడు. తన శాపం ఎవరూ తీయకూడదని దేవుడికి మొక్కుకున్నాడట, తర్వాత చెప్పాడు. ఆ రోజు రాణి, సన్యాసి కండెలు పట్టిన వెనకింటి అక్కాచెల్లెళ్ళు అప్పటికి వారంరోజులుగా మాటల్లేకుండా ఉన్నారు. వాళ్ళ నీడలు కలిసిపోయాయంది ఆ పిల్ల. ఒకరు వేసిన పందెం ఇంకొకరు నడవాలి. ఒకరి జడ ఒకరు అల్లితే విడిపోతాయి. కాసేపు వాళ్ళు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు, ఆ తర్వాత దువ్వెన తెచ్చుకున్నారు. రాజుకి పెట్టిన శాపమైతే మరీ గడుసుది. రాకాసితో మరాఠీలోనే మాట్లాడాలి, ఆమెకి అర్థమయ్యేదాకా చేతులు తిప్పి మరీ చెప్పాలి. ఆ రకంగా అది మా చేత ఊరికే మరాఠీ కూడా చెప్పించుకుంది. రెండు నెలల్లో కూరగాయల బండివాడితో "కాయ్ భావ్?" అని బేరమాడటం విన్నాను.

దాని శాపాల్లో ఏముందో నాకు తెలియకపోలేదు. నా శాపం తగిలినవాడికి చేయడానికేమీ మిగలదు. దాని శాపం తగిలినవాడికి చేతినిండా పని. పక్కవాళ్ళకి కూడా అందులో ఇంత వాటా. పైగా ప్రతిదానికీ విమోచనం ఉండేది. మా అవ్వ చెప్పిన కథలన్నిట్లోనూ శాపం వెంటే విమోచనం ఉంది. ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటి గుమ్మంలో కూర్చుని చూసిన పురాణంలోనూ ఉంది. ఆ కథలు దానికంటే నేనే ఎక్కువ విన్నాను. అయినా నాకు తట్టలేదు, దానికి తట్టింది. ఎందుకు తట్టాలి దానికి? ఇప్పుడు రాస్తున్నా కడుపు మండుతోంది.

అవ్వ అరుగు చివర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ అంతా చూసేది. నా ఆట చూసి అవ్వ ఎప్పుడూ నవ్వలేదు. "లొల్లి జేయకుండ్రి" అనేది, అంతే. కోడి శాపం రోజు మాత్రం చాటలో తంబాకు ఒలికిపోయేట్టు నవ్వింది. "ముందుగాల వచ్చిన చెవులకన్న ఎనుకొచ్చిన కొమ్ములు వాడి బిడ్డా" అంది, నా మొహం చూసే అంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, మా అవ్వకి ఆ పిల్ల పుల్లకూరైంది. పల్లీల శేంగా చట్నీ వేసి రొట్టె ముక్క దానికి ముందు పెట్టేది. దాని జడలకున్న రిబ్బన్లు చూసినా నాకు ఏడుపొచ్చేది. నాకూ ఉన్నాయి అవే రిబ్బన్లు, అదే రంగు.

ఆ తర్వాత నా వంతు వచ్చినప్పుడు పిల్లలు వచ్చేవాళ్ళు కాదు. "అక్కా, నువ్వు రాకాసివైతె నాకు కడుపునొస్తది" అన్నాడు మా తమ్ముడు, నా సొంత తమ్ముడు. అరుగు మాదని గుర్తుచేసి, బలవంతంగా ఒకరోజు గోనె మీద కూర్చున్నాను. ఆ పిల్ల అడవిలో పడాలని కళ్ళార్పకుండా చూశాను. పడింది. నల్లా దగ్గర విన్నవాటిలో అన్నిటికంటే చెడ్డదాన్ని తీశాను.

"నీ చేతులు వడిపోను!"

అవ్వ కత్తెర కింద పెట్టింది. మా వాడలో ఎంత కొట్టుకున్నా చేతుల జోలికి ఎవరూ పోరు. నల్లా దగ్గర ఒకసారి ఆ మాట జారిన మనిషితో మూడిళ్ళవాళ్ళు మాట్లాడటం మానేశారు.

"థాంబ్!" అంది అవ్వ, ఆగమని. కోపమొస్తే మా అవ్వకి మరాఠీ వచ్చేది. "చేతుల మీద మాట తీస్తవే? మన కొంపల్ల ఏంతోని తింటున్నం? చేతులతోని గాదా?"

నా వీపు మీద ఒకటి పడేదే. ఈలోపు ఆ పిల్ల చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, వంగి, చింతగింజల్ని పెదాలతో ఏరుకుని, ఫూ అని ఊదింది. గింజలు వెళ్ళి అవ్వ చాటలో పడ్డాయి. "పందెం అవ్వకు వడ్డది! అవ్వ నడవాలె!" అంది. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. అవ్వ కోపం పట్టుకోలేక నవ్వేసింది. ఇక ఆ రోజంతా అందరికీ అదే శాపం కావాలి. మోచేత్తో ఒకడు, కాలివేళ్ళతో ఒకతి. నా విషం కూడా దాని చేతిలో పడి మిఠాయి అయింది. దెబ్బ తిన్నా అంత బాధపడేదాన్ని కాదు.

ఆటకి పోవడం మానేశాను. బందు రోజుల్లో అవ్వ పక్కన కూర్చుని తునికాకు కోసేదాన్ని, చెవులు మాత్రం అటే ఉండేవి. ఎవరూ బతిమాలలేదు. ఆ పిల్ల ఒక్కతే అప్పుడప్పుడు రాణి కండె నావైపు దొర్లించేది. నేను వెనక్కి తన్నేదాన్ని.

వానలు పడుతుండగా వాళ్ళ నాన్నకి భివండి ఊళ్ళో సాంచెల మీద పని కుదిరింది. బందు రోజు సాయంత్రం టెంపో వస్తుందన్నారు. లోపల ఎక్కడో తారాజువ్వ లేచింది నాకు, అబద్ధమెందుకు. ఆ మధ్యాహ్నం ఆఖరాట. అవ్వ నా చేతిలోంచి కత్తెర తీసుకుంది.

"పో బిడ్డ, ఆడు. ఈ ఒక్కనాడు."

నా ఆటలో నేనెప్పుడూ పావు పట్టింది లేదు. రాణి కండె తీసుకున్నాను. మొదటి పందెమే అడవిలో పడేసింది. రాకాసి గోనె మీద ఆ పిల్ల. మా తమ్ముణ్ణి కొలిచినట్టే నన్నూ కొలిచింది. దాని మొహంలో నవ్వు లేదు.

"రాణీ, నీ నాలికె మీద తేనెటీగ గూడు కట్టింది. ఎవరు పందెం ఏసినా మెచ్చుకోవాలె. సాంచెలు నడుస్తున్నప్పుడు అరిచినట్టు, గట్టిగ. లేకుంటె ఈగ కుడ్తది, ఒక గడి ఎనుకకు." గోనె మీద ముందుకి జరిగింది. "నన్ను ఒక్కసారి మెచ్చుకుంటె శాపం పోతది. అందరు ఇనాలె."

ఎంత తేలికైన విమోచనం. ఒక్క మాట. కానీ ఆ ఒక్క మాట అనేకంటే చాళ్‌లో ప్రతి పురుగునీ మెచ్చుకోవడం నయమనిపించింది. మెచ్చుకున్నాను. "అబ్బ! ఏం ఏసినవ్ర తమ్మి, నీ చేతికి బంగారు కడెం తొడగాలె!" అన్నాను. అక్కాచెల్లెళ్ళ పందేల్ని మెచ్చుకున్నాను, వాళ్ళ జడల్ని మెచ్చుకున్నాను, చింతగింజల్ని మెచ్చుకున్నాను, గోడ మీది కాకి ఎంత నల్లగుందో అని మెచ్చుకున్నాను. అందరూ కడుపులు పట్టుకున్నారు. నాకూ ఊపొచ్చింది. వెనక చప్పుడైతే చూశాను. అవ్వ నవ్వుతోంది. నన్ను చూసి, నా మాటలకి, కళ్ళు తుడుచుకుంటూ. దానికోసం ఎన్నాళ్ళు ఆడించానో ఆ ఆట. చివరికి అదీ ఆ పిల్ల పెట్టిన శాపం వల్లే దక్కింది. ఆ సంగతి తట్టగానే చింతగింజలు పక్కవాళ్ళ వైపు తోసేశాను.

టెంపో వచ్చింది. వాళ్ళమ్మ పిలిచింది. ఆ పిల్ల లేచి లంగా దులుపుకుంది. "శాపం తీయవా? తీయి, తీయి" అని పిల్లలు గోల.

"ఒక్క మాటంటె తీస్త" అంది.

అందరూ నన్నే చూశారు. నోరు తెరిచాను. "పైలంగ పోండ్రి" అని జాగ్రత్తలు చెప్పాను.

"గంతేనా?" అని నవ్వింది. "అయితె ఉండని." సామాన్ల మధ్య ఎక్కి కూర్చుంది. కొంతం చౌక్ వైపు టెంపో మలుపు తిరిగేదాకా నేను అరుగు దిగలేదు.

గోనె మళ్ళీ నాదైంది. పిల్లలు కోడి శాపం పెట్టమన్నారు, పెట్టాను. నీడల శాపమన్నారు, అదీ పెట్టాను. విమోచనాలతో సహా, దాని మాటల్లోనే. నా రాయి శాపం ఎవరూ అడగలేదు.

ఆ పిల్ల మళ్ళీ కనిపించలేదు. శాపం మాత్రం నా మీదే ఉండిపోయింది. పెట్టినవాళ్ళే తీయాలి, నేను పెట్టిన నియమమే అది. పెళ్ళిళ్ళలో ఎవరి చీర బాగున్నా, ఎవరి కూర కుదిరినా అందరికంటే ముందు నేనే గట్టిగా మెచ్చుకుంటాను. ఎంత మంచి మనసో అంటారు చుట్టాలు. మనసు కాదు, తేనెటీగ భయం. ఎవరి గెలుపు చూసినా లోపల మంట అలాగే ఉంది, నోరు మాత్రం తీయగా అరుస్తుంది. విసుగొచ్చింది నాకు.

సరే. ఆట నాదే, అది మారదు. కానీ దాన్ని నాకంటే బాగా ఆడించింది ఆ పిల్లే. అంత మంచి శాపాలు పెట్టే రాకాసిని నేను మళ్ళీ చూడలేదు. ఇదిగో, అందరూ వినేట్టే అన్నాను. భివండిలో ఉందో, ఇంకెక్కడుందో, ఇక వచ్చి తీసెయ్యమనండి.