ఏడో నంబరు లివరు

రోజుకి ఆరు పాసింజరు బళ్ళు తిరిగే ఆ చిన్న లైనులో సిగ్నళ్ళు లాగే పని ఆయనది. గదిలో పద్నాలుగు లివర్లూ అద్దాల్లా మెరుస్తుంటాయి. చేతి చెమట తగిలితే ఇనుము తుప్పు పడుతుందని, గుడ్డ లేకుండా వాటిని ముట్టుకోడు. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు చేతిలో కూడా మొహమాటం లేకుండా గుడ్డముక్క పెట్టిన మనిషి.

ఒక మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చింది. గడప తట్టుకుని ముందుకు తూలి, చేతికందిన ఏడో నంబరు లివరు పట్టుకుని నిలదొక్కుకుంది. సిగ్నలాయన ఒక్క ఉదుటున లేచి వచ్చి లివరు తుడిచాడు.

"పడబోయింది నేనండీ," అంది ఆవిడ.

"చూశాను. నువ్వు తుప్పు పట్టవుగా," అన్నాడాయన తుడుస్తూనే.

ఆవిడ క్యారేజీ బల్ల మీద పెట్టి వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికొస్తే మంచినీళ్ళ గ్లాసు గుడ్డతో పట్టుకుని అందించింది. కంచమూ అంతే, తువ్వాలూ అంతే. చివరికి తాళంచెవి కూడా గుడ్డతోనే ఇచ్చింది. వారం రోజులు ఇదే వరస.

ఎనిమిదో రోజు టీ గ్లాసు అందుకుంటూ ఆయన ఆ గుడ్డ కేసి కాసేపు చూశాడు. ఇన్నాళ్ళకి చీమ కుట్టినట్టయినా అయిందేమోనని ఆవిడ ఆగింది.

"ఇరవై ఆరేళ్ళకి పని పద్ధతి తెలిసింది నీకు," అన్నాడు తృప్తిగా. "కాకపోతే, గుడ్డ పొడిగా ఉండాలి."