ఏకాంబరం ఆరొందల పన్నెండు

ఏకాంబరానికి కూడికలు వచ్చు, తీసివేతలు రావు. పాకాల దగ్గర చింతమానుపల్లెలో జనాభా ఎంతని ఈ ఏడు ఎవరడిగినా ఆరొందల పన్నెండంటాడు. సచివాలయం లెక్కలో రెండొందల డెబ్భై. పుట్టినవాళ్ళను పుట్టిన పూటే కలుపుకుంటాడు. కాటికి పోయినవాళ్ళను మనసు రాకపోయినా లెక్కలోంచి కొట్టేస్తాడు. రేణిగుంటకో తిరుపతికో పోయినవాళ్ళను మాత్రం, ఇంటికి తాళమేసి పదేళ్ళయినా సరే, కొట్టెయ్యడు.

ఇల్లిల్లూ రాసుకోవడానికి వచ్చిన సచివాలయం అమ్మాయి మహితకు చెమటలు పట్టించాడు.

"తాతా, ఈ ఇంటికి తాళముండాది గదా!"

"ఉంటే? మనుషులు పనికి పోయినారు. నువ్వు గూడా ఇప్పుడు మీ ఇంట్లో లేవే, మీ అమ్మ నిన్ను కొట్టేసిందా?"

మహిత పక్కింటికి నడిచింది.

ఈ పిచ్చి నోటిదాకా ఉంటే బాగుండేది. గంగమ్మ జాతరకు ఊరుమ్మడిగా కోసిన పొట్టేళ్ళ మాంసం తలకో పోగు చొప్పున పంచడం అక్కడి ఆచారం. పోగుల పెత్తనం ఏకాంబరానిది. టేకాకులు పరిచి, తన లెక్కలో ఉన్న తలలన్నిటికీ వేస్తాడు. ఒక్కో పోగు పిల్లి కూడా అలిగేంత చిన్నదిగా ఉంటుంది. తాళమేసిన ఇండ్ల పోగులు పక్కింటివాళ్ళ చేతిలో పెట్టి, "ఇది వాళ్ళది. ఎప్పుడొచ్చినా మీరే కూడు పెట్టాల" అని ఒట్టేయించుకుంటాడు.

"మళ్ళా మాకే ఇచ్చేదానికి ఇన్ని పోగులెందుకప్పా?" అని, తాళమేసిన ఇంటి పక్కనుండే జయరావు ఏటా అడుగుతాడు. ఏకాంబరం ఏటా వినపడనట్టు ఉంటాడు.

అందరికన్నా ఎక్కువ ఎగతాళి చేసింది ఆ ఊరి కుర్రాడే, మునిప్రసాద్. రేణిగుంట గోడౌన్‌లో పనికి కుదిరిన కొత్తలో జాతరకు రాకుండా ఫోన్ చేసి, స్పీకర్ పెట్టించి మరీ, "తాతా, నా పోగు కొరియర్లో పంపు. లేకుంటే నన్ను కొట్టేయ్, నేనింక ఆ ఊరికి రాను" అన్నాడు. ఊరంతా నవ్వింది. ఏకాంబరమూ నవ్వాడు, లెక్క మాత్రం మార్చలేదు.

ఈ ఏడు గోడౌన్‌లోకి యంత్రాలొచ్చి మునిప్రసాద్ ఉద్యోగం ఊడింది. రెండు నెలలు ఊళ్ళో ఉండే తల్లి రుక్మిణమ్మకు కూడా చెప్పకుండా దాచాడు. గది ఖాళీ చెయ్యమన్నాక వేరే దారి లేక, ఇంత బ్యాగుతో ఊళ్ళో బస్సు దిగాడు. ఆ రోజు జాతరని దిగాక గాని తెలియలేదు. రానని అన్న నోరు తనదే. ఇప్పుడు ఏ ముఖంతో నడవాలి? తల వంచుకుని, గోడల వారగా, సొంత ఊళ్ళో దొంగలా నడిచాడు.

"ఏమబ్బా మునిప్రసాదూ, ఎప్పుడొచ్చినావు?" జయరావు పట్టేసుకున్నాడు. "బ్యాగేంది ఇంత లావుండాది? పని పోయిందా ఏంది?"

పోగుల దగ్గరున్న తలలన్నీ ఇటు తిరిగాయి. మునిప్రసాద్‌కు చెవులు కాలిపోయాయి. సిగ్గుతో చచ్చిపోతూ, వెనక్కి పోయి అదే బస్సెక్కేద్దామనుకున్నాడు.

"వచ్చేదేందప్పా జయరావూ?" ఏకాంబరం కత్తి పక్కన పెట్టి అరిచాడు. "పోయినోడు గదా వచ్చేది! వీడు నా లెక్కలో ఊర్లోనే ఉండాడు. ఊర్లో ఉండేవాణ్ణి ఎప్పుడొచ్చినావని అడుగుతారా ఎవురన్నా? ఒరే, పొద్దుట్నించీ యాడ సచ్చినావురా? ఇట్లా దా, ఆకులు పరుచు!"

జనం గొల్లున నవ్వారు. నవ్వు ఏకాంబరం మీదికి మళ్ళింది, బ్యాగు సంగతి ఎవరికీ గుర్తులేదు.

మునిప్రసాద్ గొంతుక్కూర్చుని ఆకులు పరిచాడు. కాసేపటికి తలెత్తకుండానే, "అప్పుడట్లా అన్నందుకు తప్పయిపోయింది తాతా" అన్నాడు.

"పోయినాడని రాసుకుంటే, తిరిగొచ్చేటప్పుడు ఎందుకొచ్చినాడో సెప్పాల గదరా," ఏకాంబరం గొంతు తగ్గించాడు. "ఆ అగసాట్లు ఎవురికీ వద్దనే కొట్టెయ్యను. ఆకు తిప్పెయ్, ఈనె పైకుండాది."

మునిప్రసాద్‌కు ఇందాకటికంటే ఎక్కువ సిగ్గేసింది. కానీ లేచి పోవాలనిపించలేదు.

ఇంతలో జయరావు ఊరుకోలేక, "ఏమప్పా ఏకాంబరం, నిజంగానే ఒక తల ఎక్కువైంది. ఇప్పుడు ఆరొందల పదమూడా?" అన్నాడు.

ఏకాంబరం నోరు తెరిచేలోపే మునిప్రసాద్ అందుకున్నాడు.

"కాదు మామా, ఆరొందల పన్నెండే."