పెద్ద డ్రమ్ము

నేను పెదపాడు మిషను బడిలో మాస్టరుగా ఉన్న రోజుల్లో, చర్చిలో పాటలకు డప్పు వాయించే యువకుడొకడు ఉండేవాడు. ఏలూరులో ఇంగ్లీషు బ్యాండు చూసొచ్చి, తన డ్రమ్ముల సెట్టు తనే తయారు చేసుకోవడం మొదలెట్టాడు. చిన్నవాటికి కిరసనాయిలు డబ్బాలు, మేకతోలు సరిపోయాయి. పెద్ద డ్రమ్ముకు తోలు దొరకలేదు. ఆ ఏడు కొల్లేరు పొంగి వాళ్ల ఎద్దు మునిగి చచ్చిపోతే, తండ్రి దాని తోలే ఆరబెట్టి ఇచ్చాడు. బిగించాక ఆ కుర్రాడు రోజూ దానికి చెవి ఆనించి కూర్చునేవాడు. ఏం వినేవాడో నాకు తెలియలేదు.

క్రిస్మసు ఆరాధనలో చిన్న డ్రమ్ములు బాగా మోగాయి. పెద్దదాని వంతు రాగానే కర్రలు కింద పెట్టి, దాన్ని అరచేత్తో నిమురుతూ ఉండిపోయాడు.

"ఎందుకు కొట్టలేదయ్యా?" అని బయటికొచ్చాక అడిగాను.

"మా ఎద్దు బతికున్నన్నాళ్లూ దాని మీద కర్ర ఎత్తలేదండి మాస్టారూ."