తురియా బుట్టలో గుల్లలు

మొయాతాకి అనుమానం వచ్చిందంటే దాన్ని పోగొట్టడం మా మొరేయా దీవిలో ఎవరి తరమూ కాదు. పక్కింటి మనిషిని, నాకు తెలియదా? చేప కొంటే మొప్పలెత్తి చూసి, అమ్మేవాడి మొహం కూడా చూస్తుంది. ఆ ఏడు ఆ అనుమానం సొంత తమ్ముడి భార్య తురియా మీదే పడింది.

ఇద్దరిదీ గుల్లల దండల పని. ఓడెక్కేవాళ్ళ మెడలో వేసే దండలవి. ఒకే దారానికి చెరో కొసన కూర్చుని, గోరంత నత్తగుల్లలు గుచ్చుకుంటూ మధ్యలో కలుసుకుంటారు. కట్టుబాటు ఒక్కటే. బతికున్న నత్తను ముట్టుకోకూడదు, లోయలో ఆకుల కింద రాలిన గుల్లలే ఏరుకోవాలి. అందుకే ఒక్క దండకి నెలలు పట్టేది. అలాంటిది తురియా లోయకి వెళ్ళినప్పుడల్లా బుట్ట నిండా తెస్తోంది.

"బతికున్నవాటిని ఉడకబెడుతోంది" అంది మొయాతా నాతో, గొంతు తగ్గించి. "లేకపోతే ఇన్నెక్కడివి?"

ఉప్పు కోసమని వెళ్ళి తురియా కుండ మూత తీసి వాసన చూసింది. సీమపనస వాసన. "కడిగేసి ఉంటుంది, గడుసుది" అంది. చివరికి ఆమెతో దారం పట్టడమే మానేసింది. ఎవరి వాకిట్లో వాళ్ళు ఒంటరిగా కూర్చుని గుచ్చుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఓ పొద్దున నన్నూ లాక్కుని తురియా వెనకే లోయ దారి పట్టింది. తురియా వంగి నేల మీద గుల్లలే ఏరుతోంది.

"దొంగ దొరికిందా వదినా?" అంది వెనక్కి తిరక్కుండానే.

మొయాతా చూపు పక్కనున్న పొద మీద పడింది. ఎదురుగా ఆకు మీద పొడుగాటి గులాబీరంగు నత్త ఒకటి, చిన్న నత్త గుల్లలో తల దూర్చి లోపలున్నదాన్ని తింటోంది. కింద నేలంతా అలా ఖాళీ అయిన గుల్లలే. చేమ తోటలు పాడుచేసే పెద్ద నత్తల్ని ఇవి తింటాయని సర్కారువాళ్ళు ఊళ్ళో పంచినప్పుడు, ఎగబడి తెచ్చుకుంది మొయాతాయే. ఈ లోయలో ఉన్న తమ్ముడి చేమమడీ బాగుపడాలని దోసెడు ఆకులో చుట్టి, తురియా చేతికిచ్చి పంపింది.

"నేను పంపినవేనా?"

"అవే. నీ మాట కాదనలేక గట్టు మీద వదిలాను."

"అనవసరంగా నిన్ను అనుమానించానే."

"తెలుసు వదినా."

ముగ్గురం ఆకులన్నీ తిప్పి చూశాం. బతికున్న చిన్న నత్త ఒక్కటీ లేదు. తురియా కూలబడి ఏడ్చింది. మొయాతా రాయి తీసుకుని గులాబీ నత్తల్ని చితక్కొట్టసాగింది.

"ఇంక చాల్లే, రా వదినా."

ఆమె రాలేదు. ఒకటి కొడితే పై ఆకు మీద ఇంకొకటి కనబడుతూనే ఉంది.