డ్రైవర్ పలకడం లేదు

నిన్న మా అబ్బాయి ఆడుతుండగా కంప్యూటర్ తెర నల్లబడి, గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించడం లేదని ఇంగ్లీషులో వచ్చింది. నాకు చిన్నప్పటి రోజొకటి గుర్తొచ్చింది.

బొబ్బిలిలో నాకు ఎనిమిదేళ్లప్పుడు అన్నయ్య కార్ల ఆటలోనూ అదే వచ్చింది. నాన్న లారీ డ్రైవర్. లోడుతో రాయపూర్ వెళ్లి తిరిగొస్తూ, ఆ రోజే సాలూరు ఘాట్ రోడ్డు దిగాలి.

"ఏటి రాసుందన్నయ్యా?"

"డ్రైవర్ పలకట్లేదట," అన్నాడు చిరాగ్గా.

నేను వంటింట్లోకి పరిగెత్తి, "అమ్మా, నాన్న పలకట్లేదంట!" అని ఏడ్చాను. అమ్మ గరిటె వదిలేసి నాన్నకు ఫోన్ చేసింది. అందుబాటులో లేదని వచ్చింది.

"అది బొమ్మలు సూపించే సాఫ్ట్‌వేరమ్మా, నాన్న కాదు. మళ్లీ ఎక్కిస్తే సరిపోద్ది," అని అన్నయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. అన్నయ్య డ్రైవర్ ఎక్కించాడు, కార్లు మళ్లీ పరిగెత్తాయి. అమ్మ మాత్రం ఫోన్ చేస్తూనే ఉంది. పొయ్యి మీద వంకాయ కూర మాడిపోయింది.

సాయంత్రం నాన్నే ఫోన్ చేశాడు. ఘాట్‌లో సిగ్నల్ లేదట. "ఏటే, అలా ఏడుస్తన్నావు?" అని ఆయన అమ్మను అడగడం నాకూ వినిపించింది.

నా మాటకే అమ్మ బెదిరిపోయిందని చాలా ఏళ్లు అనుకున్నాను. నాన్న బండెక్కిన ప్రతిసారీ ఆమెకు ఆ భయం ఉండేదనీ, మా కంటపడింది ఆ ఒక్కరోజేననీ ఇప్పుడు తెలుస్తోంది.